చేవను తినే శిలీంధ్రం: శంషాబాద్ పరిసరాల వృక్షాలు, తెలుగు పదజాలం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చెట్టు బోదెకు అంటుకొని అర్ధచంద్రాకారంలో, గట్టిగా, చెక్కలాగా పెరిగే శిలీంధ్రాలు ప్రపంచమంతటా ఉన్నాయి. సమశీతోష్ణ అడవులలో ఇవి వేల సంవత్సరాలుగా మనిషికి పరిచయమైనవి. దక్కను పీఠభూమిలో వీటికి దగ్గరి రూపం గానోడెర్మా ప్రజాతి. ఇది మాను లోపలి చేవను, వేళ్ళను కుళ్ళబెట్టి, చాలా ఆలస్యంగా మాత్రమే బయటికి కనిపిస్తుంది. శంషాబాద్, చేవెళ్ళ ప్రాంతాలలో రహదారులు, నిర్మాణాలు విస్తరిస్తున్న కొద్దీ పాత చెట్ల భవిష్యత్తు చర్చనీయాంశమైంది. ఈ శిలీంధ్రం పనితీరును వివరించడం, మాను క్షయానికి సంబంధించి తెలుగులో ఉన్న పదసంపదను పరిశీలించడం, ఈ శిలీంధ్రానికి నిర్దిష్టమైన పేరు ఉండవలసిన అవసరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: చూరు శిలీంధ్రం, గానోడెర్మా, చేవ, తెల్లకుళ్ళు, గోధుమకుళ్ళు, పుట్టగొడుగు, చేవెళ్ళ మర్రిచెట్లు, శంషాబాద్.

1. ఉపోద్ఘాతం

2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైంది. దాదాపు 5,500 ఎకరాల ఆ ప్రాంగణం చుట్టూ ఉన్న గ్రామాల రూపురేఖలు ఆ తరువాత వేగంగా మారాయి. పొలాలు వెంచర్లయ్యాయి, బాటలు నాలుగు వరుసల రహదారులయ్యాయి. ఈ మార్పును వర్ణించవలసి వచ్చినప్పుడు పత్రికల భాషలో తరచుగా వినిపించే పలుకుబడి ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అన్నది. రాత్రికి రాత్రి నేల చీల్చుకొని వచ్చి, నాలుగు రోజులలో మాయమయ్యే మెత్తని గొడుగు ఆ ఉపమానానికి ఆధారం. తెలుగువారి మనసులో శిలీంధ్రం అంటే ప్రధానంగా ఆ రూపమే నిలిచి ఉన్నది.

ఇదే ప్రాంతంలో మరొక తరహా శిలీంధ్రం ఉన్నది. అది రాత్రికి రాత్రి పుట్టదు. సంవత్సరాల తరబడి మాను లోపల ఉండి, ఒక వర్షాకాలంలో బోదె మొదట్లో ఎర్రమట్టి రంగు చెక్కముక్కలాగా బయటపడుతుంది. దానికి కాడ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. గొడుగు ఆకారం మాత్రం స్పష్టంగా ఉండదు. చేతితో విరిస్తే తేలికగా విరగదు. దానిని చూసినవారు చెట్టుకు కాయ కాచిందనో, బెరడు ఉబ్బిందనో అనుకొని దాటిపోవచ్చు. నిజానికి అది ఆ చెట్టు లోపలి స్థితిని తెలిపే అతి ముఖ్యమైన బాహ్యచిహ్నం.

ఈ చిహ్నాన్ని చదవలేకపోతే రెండు రకాల నష్టం జరుగుతుంది. మొదలు కుళ్ళిన చెట్టు వేసవి గాలివానలో దారిన పోయేవారి మీద కూలవచ్చు. లేదా, మరికొన్ని దశాబ్దాలు నిలువగల చెట్టును భయంతో అకారణంగా నరికివేయవచ్చు. ఈ రెండింటి మధ్య వివేచన చేయడానికి జ్ఞానం కావాలి. ఆ జ్ఞానం జనవ్యవహారంలోకి రావాలంటే దానికి మాట కావాలి.

2. సమశీతోష్ణ అడవుల నేపథ్యం

ఐరోపా, ఉత్తర అమెరికా, ఉత్తర ఆసియా అడవులలో భూర్జవృక్షాలు, బీచ్ చెట్లు అధికం. వాటి బోదెల మీద గుర్రపు డెక్క ఆకారంలో పెరిగే శిలీంధ్రం ఫోమెస్ ఫోమెంటేరియస్. లిన్నేయస్ 1753లోనే దీనిని బొలీటస్ ప్రజాతి కింద వర్ణించాడు. దీని లోపలి మెత్తని పొరను తీసి, దంచి, ఆరబెట్టి నిప్పురవ్వను పట్టుకోవడానికి వాడేవారు. అందుకే అక్కడి భాషలలో దీనికి నిప్పు రాజేసేది అనే అర్థంలో పేరు స్థిరపడింది.

ఈ వాడుక ఎంత పాతదో చెప్పడానికి ఒక గట్టి ఆధారం ఉన్నది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్ మంచులో బయటపడిన, ‘ఓట్జీ’ అని పిలిచే మానవదేహం సుమారు 5,300 సంవత్సరాల నాటిది. అతని సామగ్రిలో నిప్పు రాజేసే ఈ శిలీంధ్రం దొరికింది. దానితో పాటు, తోలుతాడుకు గుచ్చిన మరొక రకం శిలీంధ్రపు ముక్కలు కూడా దొరికాయి. అవి భూర్జవృక్షం మీద పెరిగే ఫోమిటాప్సిస్ బెట్యులినా జాతివి.

ఇక్కడ గమనించవలసిన విషయం, ఆ సమాజాలలో ఈ శిలీంధ్రానికి ఉపయోగం ఉన్నది, ఉపయోగం వల్ల పేరు వచ్చింది. తెలుగునేల మీద చెకుముకి రాయితో నిప్పు రాజేసినవారు రవ్వను పట్టుకోవడానికి దూదిని వాడారు. దూది సులభంగా దొరికే చోట మాను మీది శిలీంధ్రం కోసం వెతకవలసిన పని లేదు. పేరు లేకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చునని ఊహించవచ్చు.

భారతదేశంలో ఈ వర్గపు శిలీంధ్రాల శాస్త్రీయ అధ్యయనానికి బలమైన పునాది వేసినవారిలో కలకత్తాకు చెందిన సహాయ్ రామ్ బోస్ ముఖ్యుడు. వంగదేశపు పాలీపోరేసీ కుటుంబంపై ఆయన 20వ శతాబ్దపు తొలి దశకాలలో వరుసగా పరిశోధనలు ప్రచురించాడు. తరువాత డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థకు చెందిన బి. కె. బక్షి 1971లో వెలువరించిన ‘ఇండియన్ పాలీపోరేసీ’ అటవీ వృక్షాలపై ఈ శిలీంధ్రాలను గుర్తించడానికి ఆధారగ్రంథంగా నిలిచింది.

3. గానోడెర్మా: పేరు, రూపం, పని

3.1 పేరు

గానోడెర్మా అనే ప్రజాతి నామాన్ని ఫిన్లాండ్ శాస్త్రవేత్త పెట్టెర్ అడాల్ఫ్ కార్‌స్టెన్ 1881లో ఏర్పరచాడు. గ్రీకు భాషలో ‘గానోస్’ అంటే మెరుపు, ‘డెర్మా’ అంటే చర్మం. వార్నీషు పూసినట్లు నిగనిగలాడే పైపొరను బట్టి వచ్చిన పేరు ఇది. ఇందులో ప్రసిద్ధమైన గానోడెర్మా లూసిడమ్‌ను అంతకు వంద సంవత్సరాల ముందే, 1781లో, విలియం కర్టిస్ లండన్ పరిసరాలలో దొరికిన నమూనా ఆధారంగా వర్ణించాడు.

ఆ ఐరోపా పేరును ఆసియా దేశాలలో కనిపించిన ఇలాంటి శిలీంధ్రాలన్నింటికీ చాలాకాలం వాడుతూ వచ్చారు. చైనాలో లింగ్‌జీగా ఔషధప్రసిద్ధి పొందినది వేరే జాతి అని తేలి, దానికి 2012లో గానోడెర్మా లింగ్‌జీ అనే పేరు వచ్చింది. భారతదేశపు నివేదికలలో ‘లూసిడమ్’ అని కనిపించే చోట కూడా అది ఒకే జాతిగా కాక ఒక జాతిసమూహంగా గ్రహించడం ఉచితం. ఔషధంగా అమ్ముడుపోయే దాని పోలిక ఉన్నదని రోడ్డు పక్క చెట్టు మీద పెరిగినదానిని వాడడం ఎంతమాత్రం క్షేమం కాదన్నది దీని నుండి వచ్చే ఆచరణాత్మక హెచ్చరిక.

3.2 రూపం

దీని పైభాగం ఎర్రటి గోధుమ రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. పెరుగుతున్న దశలో అంచు తెల్లగా, పసుపుగా ఉంటుంది. ఆ తెల్లని అంచు కనిపిస్తే శిలీంధ్రం చురుకుగా ఉన్నదని అర్థం. అడుగుభాగంలో పుట్టగొడుగులకు ఉండే రేకుల వంటి మడతలు ఉండవు. కంటికి ఆనీ ఆననంత సన్నని రంధ్రాలు ఉంటాయి. ప్రతి రంధ్రమూ ఒక నిలువు నాళికకు నోరు. ఆ నాళికల గోడల మీద సిద్ధబీజాలు ఏర్పడి కిందికి జారి గాలిలో కలుస్తాయి.

ఈ నిర్మాణానికి తెలుగు ఇంటిలో చక్కని పోలిక ఉన్నది. గోడ నుండి ముందుకు పొడుచుకొని వచ్చే చూరు తన కింది స్థలాన్ని వాన నుండి కాపాడుతుంది. ఈ శిలీంధ్రం కూడా తన గట్టి పైపొరతో కింది రంధ్రాలను తడవకుండా కాపాడుకుంటుంది. ఆకారంలోను, పనిలోను ఈ సామ్యం ఉన్నందువల్ల ఈ వ్యాసంలో దీనిని ‘చూరు శిలీంధ్రం’ అని వ్యవహరించడం జరుగుతున్నది.

సిద్ధబీజాల సంఖ్య ఊహకు అందనిది. గానోడెర్మా అప్లనేటమ్ అనే బహువార్షిక జాతికి చెందిన ఒక పెద్ద చూరు రోజుకు 3,000 కోట్ల వరకు సిద్ధబీజాలను విడుదల చేయగలదని శాస్త్రవేత్తల అంచనా. కోకో పొడి వంటి గోధుమరంగు ధూళి చూరు మీద, చుట్టుపక్కల ఆకుల మీద, బోదె మీద పేరుకొని కనిపించడానికి కారణం ఇదే. వీటిలో కొత్త జీవితాన్ని ప్రారంభించగలిగేవి అత్యల్పం. సిద్ధబీజానికి చెట్టు మీద తెరచి ఉన్న గాయం కావాలి.

3.3 నిలువు నాళికల సాక్ష్యం

నాళికలు భూమికి లంబంగా ఉంటేనే సిద్ధబీజాలు గోడలకు అంటుకోకుండా రాలుతాయి. అందువల్ల ఈ శిలీంధ్రం గురుత్వాకర్షణను అనుసరించి పెరుగుతుంది. నిలిచి ఉన్న చెట్టుకు పుట్టిన చూరు నేలకు సమాంతరంగా ఉంటుంది. ఆ చెట్టు కూలితే పాత చూరు పక్కకు తిరిగిపోతుంది. ఆ తరువాత వచ్చే కొత్త పెరుగుదల మళ్ళీ నేలకు సమాంతరంగా దిశ మార్చుకుంటుంది. కూలిన దుంగను పరిశీలించి, కుళ్ళు కూలడానికి ముందే ఉన్నదా, కూలిన తరువాత బయటపడిందా అని చెప్పడానికి ఇది నమ్మదగిన ఆధారం. ప్రమాదం జరిగిన తరువాత ‘గాలికి పడిపోయింది’ అనే ఒక్క వాక్యంతో విచారణ ముగియకుండా చూడడానికి ఈ చిన్న పరిశీలన ఉపకరిస్తుంది.

4. మాను లోపలి కథ: చేవ, కుళ్ళు, డొల్ల

4.1 చేవ

వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు మాను లోపలి దారువును రసదారువు, చేవదారువు అని రెండుగా విభజిస్తాయి. వేళ్ళు పీల్చిన నీటిని పైకి చేరవేసే వెలుపలి వలయం రసదారువు. వయసు పెరిగేకొద్దీ నీటి రవాణా నుండి విరమించి, రంగు ముదిరి, గట్టిపడి చెట్టుకు ఆధారస్తంభంగా నిలిచే నడిమి భాగం చేవదారువు. ఈ రెండవ పదంలోని ‘చేవ’ శాస్త్రజ్ఞులు సృష్టించినది కాదు. వడ్రంగి, రైతు, కవి సమానంగా వాడిన మాట అది. మాను లోపలి గట్టిదనం నుండి మనిషి లోపలి సత్తువకు దాని అర్థం విస్తరించింది. ‘చేవ చచ్చినవాడు’, ‘చేవ ఉన్న మాట’ వంటి ప్రయోగాలు ఈ అర్థవ్యాప్తికి నిదర్శనాలు.

చేవలోని కణాలు జీవం లేనివి. ఇది చాలామంది గమనించని విషయం. అందువల్ల చేవ కుళ్ళుతున్నా, వెలుపలి రసదారువు బాగున్నంత కాలం చెట్టు చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది. పచ్చగా ఉన్నది కాబట్టి బలంగా ఉన్నదని అనుకోవడం ఇక్కడే పొరపాటవుతుంది.

4.2 రెండు రకాల కుళ్ళు

చెక్కకు బలం ఇచ్చే ప్రధాన పదార్థాలు సెల్యులోజ్, లిగ్నిన్. ఇంటి స్లాబుతో పోల్చితే సెల్యులోజ్ ఇనుపచువ్వల వంటిది, లిగ్నిన్ వాటిని పట్టి ఉంచే సిమెంటు వంటిది. మానును కుళ్ళబెట్టే శిలీంధ్రాలు ఈ రెండింటిలో దేనిని కరిగిస్తాయన్న దానిని బట్టి వాటిని రెండు వర్గాలుగా చూస్తారు.

గోధుమకుళ్ళు శిలీంధ్రాలు ప్రధానంగా సెల్యులోజ్‌ను తీసివేస్తాయి. మిగిలిన లిగ్నిన్ గోధుమ రంగులో, ఘనాకారపు పగుళ్ళతో, చేతిలో నలిపితే పొడి అయ్యేలా ఉంటుంది. చువ్వలు తీసిన స్లాబులాగా ఇటువంటి చెక్క తొందరగా పుటుక్కున విరుగుతుంది. తెల్లకుళ్ళు శిలీంధ్రాలు లిగ్నిన్‌ను కూడా కరిగించగలవు. మిగిలేది తెల్లగా, నారగా, స్పంజిలాగా ఉంటుంది. గానోడెర్మా ఈ రెండవ వర్గానికి చెందినది.

లిగ్నిన్ ప్రకృతిలోని అతి మొండి పదార్థాలలో ఒకటి. దానిని విడగొట్టే ఒక ఎంజైమును 1983లో ఫానెరోకీటె క్రైసోస్పోరియం అనే తెల్లకుళ్ళు శిలీంధ్రంలో కనుగొనడం ఈ రంగంలో ఒక మలుపు. కాగితం పరిశ్రమ వ్యర్థాలను, రంగునీళ్ళను శుద్ధి చేయడానికి ఈ ఎంజైములను వాడవచ్చునన్న పరిశోధనలు అప్పటి నుండి విస్తరించాయి. అడవిలో కూలిన మాను తిరిగి మట్టి కావడానికి కూడా ఈ శిలీంధ్రాలే కారణం. కనుక చూరు శిలీంధ్రాన్ని కేవలం ‘తెగులు’గా చిత్రించడం అసంపూర్ణ దృష్టి. అడవిలో అది నేలకు సారం సమకూర్చేది. మనుషులు నడిచే దారి పక్కన మాత్రమే అది ప్రమాదసూచిక.

4.3 చెట్టు కట్టుకునే గోడ

మనిషి గాయం మానుతుంది, అంటే దెబ్బతిన్న కణజాలం స్థానంలో కొత్తది వస్తుంది. చెట్టు గాయం ఆ విధంగా మానదు. అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో 1970లలో వేలాది చెట్లను నిలువుగా కోసి పరిశీలించి, చెట్టు తన గాయపడిన భాగాన్ని రసాయనిక, నిర్మాణపరమైన అవరోధాలతో వేరు చేసి, దాని వెలుపల కొత్త చెక్కను పెంచుకుంటుందని ప్రతిపాదించాడు. పాత గాయం లోపల అలాగే ఉంటుంది. చెట్టు దాని చుట్టూ గోడ కట్టుకొని ముందుకు సాగుతుంది. ఆ గోడలు నిలిచినంత కాలం కుళ్ళు లోపలి గదికే పరిమితం. మళ్ళీ గాయమైతే, పాత గోడలు తెగితే, కుళ్ళు కొత్త చెక్కలోకి పాకుతుంది.

దీనివల్ల డొల్ల చెట్లన్నీ ప్రమాదకరం కావని కూడా తెలుస్తుంది. గొట్టం లోపల ఖాళీగా ఉన్నా బలంగా నిలుస్తుంది. మిగిలిన గట్టి గోడ మందం మాను వ్యాసార్థంలో సుమారు మూడో వంతు కంటే తగ్గినప్పుడు కూలే అవకాశం పెరుగుతుందని జర్మన్ శాస్త్రవేత్త క్లౌస్ మాథెక్ ఒక కొలత సూచించాడు. దానిపై విమర్శలు ఉన్నప్పటికీ ప్రాథమిక అంచనాకు అది ఇప్పటికీ వాడుకలో ఉన్నది. అయితే ఈ కొలత బోదెకు సంబంధించినది. వేళ్ళు కుళ్ళితే బోదె ఎంత గట్టిగా ఉన్నా ప్రయోజనం లేదు. గానోడెర్మా ఎక్కువగా దాడి చేసేది మాను మొదటిని, వేళ్ళనే కావడం వల్ల దాని చూరుకు ఇంత ప్రాధాన్యం.

తాటి, కొబ్బరి, ఈత వంటి తాళజాతులలో పరిస్థితి వేరు. వీటి గట్టిదనం వెలుపలి వైపు ఉంటుంది, నడిమి భాగం మెత్తన. తాటిదూలం కోసినవారికి ఇది తెలిసిన విషయమే. ఈ చెట్లకు బోదెను ఏటేటా లావు చేసే పొర లేదు కాబట్టి గాయం చుట్టూ కొత్త చెక్క పెంచుకునే అవకాశం కూడా లేదు. మర్రికి, వేపకు ఉన్న ఆత్మరక్షణ వీటికి లేదు.

5. శంషాబాద్ పరిసరాలు: గాయాలకు మూలాలు

శంషాబాద్ ప్రాంతం రాతినేల, ఎర్రమట్టి గల దక్కను పీఠభూమి భాగం. ఏడాది వర్షపాతంలో అధికభాగం జూన్, అక్టోబరు నెలల మధ్యనే కురుస్తుంది. వేసవిలో చూరు శిలీంధ్రాలు కొత్తగా పుట్టడం అరుదు. నాలుగు వానలు పడిన తరువాత అవి బయటపడతాయి. కాని చెట్లను పడగొట్టే ఈదురుగాలులు ఎక్కువగా ఏప్రిల్, మే నెలలలోనే వీస్తాయి. అంటే ప్రమాదం వచ్చే కాలానికి కొత్త సూచికలు కనిపించవు. వర్షాకాలంలో గమనించి గుర్తుపెట్టుకున్నదే వేసవికి ఆధారం కావాలి.

భారతదేశంలో గానోడెర్మాను తుమ్మ, చండ్ర, సరుగుడు, శిస్సూ వంటి అనేక వృక్షాల మీద శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. పాత చెట్లు నరికిన చోట మొదళ్ళను, వేళ్ళను తీయకుండా కొత్త మొక్కలు నాటిన తోటలలో దీని తీవ్రత ఎక్కువ. నరికిన మొదలు శిలీంధ్రానికి ధాన్యపుగాదె వంటిది. అక్కడ ఏళ్ళ తరబడి బతికి, వేళ్ళు తాకిన చోట కొత్త చెట్టులోకి ప్రవేశిస్తుంది. రహదారి విస్తరణలో పైభాగం కోసి మొదలును మట్టితో కప్పివేసి, పక్కనే కొత్త వరుస నాటే పద్ధతి ఈ దృష్టితో పునరాలోచించవలసినది.

మరొక మూలం వేళ్ళకు తగిలే దెబ్బలు. కేబుల్ కోసం, నీటిగొట్టం కోసం, మురుగుకాలువ కోసం బోదెకు దగ్గరగా తవ్వే ప్రతి కందకమూ పెద్దవేళ్ళను తెగకోస్తుంది. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే వేళ్ళకు గాలి అందదు. బోదెకు మేకులు కొట్టడం, చెత్తను మొదట్లో తగులబెట్టడం వంటివి చిన్న పనులుగా కనిపించినా బెరడును తెరుస్తాయి. నిర్మాణం పూర్తయిన వెంటనే చెట్టుకు ఏమీ కాదు. అయిదేళ్ళకో పదేళ్ళకో ఫలితం కనిపించేసరికి కారణం ఎవరికీ గుర్తుండదు.

5.1 చేవెళ్ళ మర్రిచెట్లు

శంషాబాద్‌కు పశ్చిమాన పోలీసు అకాడమీ కూడలి నుండి మొయినాబాద్, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వరకు సాగే 163వ నంబరు జాతీయ రహదారికి ఇరువైపులా సుమారు 900 మర్రిచెట్లు ఉన్నాయి. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటినవిగా వీటికి ప్రసిద్ధి. రహదారి విస్తరణలో వీటిని కాపాడాలని 2019 నుండి ప్రకృతిప్రేమికులు ఉద్యమించారు. విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్ వరకు వెళ్ళింది. మరొకవైపు, ఆ ఇరుకు రహదారి మీద జరిగే ప్రమాదాలలో ప్రాణాలు పోతున్నాయని, విస్తరణ ఆలస్యం కారాదని స్థానికులు కోరుతూ వచ్చారు. రెండు వాదాల వెనుకా ప్రాణాల ప్రశ్న ఉన్నది.

ఈ చర్చలో తరచుగా వినిపించే మధ్యేమార్గం చెట్లను పెకలించి మరొక చోట నాటడం. మర్రి, రావి వంటి ఫికస్ జాతులు దీనిని కొంతవరకు తట్టుకోగలవు. అయితే ఆ పనిలో కొమ్మలను, ఊడలను, వేళ్ళలో అధికభాగాన్ని కోయక తప్పదు. ప్రతి కోత ముఖమూ శిలీంధ్రానికి తెరచిన వాకిలి. నాటిన తరువాతి ఏడాది చిగుర్లు రావడాన్ని విజయంగా లెక్కించడం సహజమే. కాని చేవ స్థితి చిగురును చూసి తెలియదని ముందే గమనించాం. కనుక తరలించిన చెట్లను కనీసం దశాబ్దం పాటు మొదలు వద్ద పరిశీలిస్తేనే ఆ పద్ధతి ఫలితాన్ని నిజాయితీగా అంచనా వేయవచ్చు.

మర్రిచెట్టుకు ఉన్న ప్రత్యేక రక్షణ ఊడ. నేలకు దిగి లావెక్కిన ఊడ మరొక బోదెలాగా పనిచేస్తుంది. తల్లిబోదె కుళ్ళినా ఊడల మీద చెట్టు నిలువగలదు. రహదారి వైపు దిగే ఊడలను ఎప్పటికప్పుడు నరికివేస్తే చెట్టు తన బరువును మోయడానికి ఏర్పరచుకుంటున్న స్తంభాలను తొలగించినట్లే.

5.2 పిల్లలమర్రి అనుభవం

శంషాబాద్ మీదుగా దక్షిణంగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి నుండి కొంత పక్కకు వెళితే మహబూబ్‌నగర్, అక్కడి పిల్లలమర్రి. సుమారు 700 సంవత్సరాల వయస్సు ఉన్నదని ప్రసిద్ధి పొందిన ఆ మహావృక్షపు కొమ్మ ఒకటి 2017 చివరలో విరిగిపడింది. సందర్శకులను ఆపివేశారు. చెదలు మానును లోపలి నుండి తొలిచివేసినట్లు తేలడంతో, 2018లో క్లోరోపైరిఫాస్ ద్రావణాన్ని సెలైన్ సీసాలలో నింపి చుక్కచుక్కగా కొమ్మలకు ఎక్కించారు. బరువైన కొమ్మలకు ఆధారాలు కట్టారు. ఈ వార్త దేశమంతటా వ్యాపించింది.

చెద అనే మాట అందరికీ తెలుసు కాబట్టి ఆ వృక్షపు రోగం అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. చెదను చంపే మందు ఎక్కించడం కూడా అర్థమైంది. శిలీంధ్రం వల్ల కలిగే క్షయానికి అటువంటి సత్వర గ్రహింపు లేదు. పైగా శిలీంధ్రం చేవలోకి చేరిన తరువాత దానిని పూర్తిగా తొలగించే మందు కూడా లేదు. ముందుగా గుర్తించడం, గాయాలు కాకుండా చూడడం మాత్రమే మార్గం.

5.3 కోనసీమ, కన్నడసీమల సాక్ష్యం

తెలుగు రైతులకు గానోడెర్మా పేరు పరిచయమైనది ప్రధానంగా కొబ్బరి తోటల ద్వారా. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో 1952 తుఫాను తరువాత ఇది తీవ్రంగా కనిపించి ‘తంజావూరు ఎండుతెగులు’గా పేరు పొందింది. ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాల కొబ్బరితోటలలోను ఇది సమస్య. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం దీనిపై పనిచేస్తున్నది. వేపపిండితో కలిపి ట్రైకోడెర్మా అనే మిత్రశిలీంధ్రాన్ని వేయడం, తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తీసి వేరు చేయడం, చచ్చిన చెట్టును మొదలుతో సహా తొలగించడం అక్కడి సిఫారసులలో ముఖ్యమైనవి. అంతా ముదిరిన తరువాతనే మొదట్లో చూరు కనిపిస్తుందని తోటరైతుకు అనుభవపూర్వకంగా తెలుసు.

కర్ణాటక పోకతోటలలో ఇదే ప్రజాతి కలిగించే తెగులును కన్నడ రైతులు ‘అణబె రోగ’ అంటారు. అణబె అంటే పుట్టగొడుగు. కారణాన్ని, రోగాన్ని ఒక్క మాటలో కలిపిన పేరు ఇది. శాస్త్రవేత్తలు రాకముందే రైతు చూపు ఆ సంబంధాన్ని పట్టుకున్నదని ఈ పేరు తెలుపుతుంది.

6. తెలుగు పదజాలం: ఉన్నది, లేనిది

మాను క్షయాన్ని గురించి తెలుగులో పదాల కొరత లేదు. తొర్ర, డొల్ల, గుల్ల, పుచ్చు, బెండు, మోడు, చివుకు అనేవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. తొర్ర బయటికి తెరచుకున్న ఖాళీ, పక్షికి, పాముకు నివాసం. డొల్ల లోపలి ఖాళీ, బయటికి కనిపించకపోవచ్చు. గుల్ల అనేక చిన్న ఖాళీల సముదాయం, చెద తిన్న చెక్కకు సరిపోయేది. చివకడం తడికి, కాలానికి లోనై పట్టు వదలడం. పుచ్చడం లోపలి నుండి పాడుకావడం. మోడు చిగురు ఆశ లేని మాను. ఇవన్నీ ఫలితాన్ని చెప్పే పదాలు.

కారణాన్ని చెప్పే పదాల విషయానికి వస్తే చెద, చీడ, వేరుపురుగు, తొలిచే పురుగు అన్నీ కీటకాలే. వేమన పద్యాలలో ఒకటి వేరుపురుగును, చీడపురుగును చెట్టును చెరిచేవిగా చెప్పి, గుణవంతుని చెరిచే దుష్టునికి వాటిని ఉపమానం చేసింది. తరతరాలుగా బడిలో చదువుకుంటున్న ఆ ఉపమానంలో శత్రువు బయటి నుండి వచ్చి కొరికే ప్రాణి. కొరకకుండా, కదలకుండా, చెక్కతో చెక్కగా కలిసిపోయి కరిగించే శత్రువుకు ఆ సంప్రదాయంలో చోటు కనిపించదు.

శిలీంధ్రాలకు ఉన్న పేర్లను చూస్తే మరొక విషయం తెలుస్తుంది. పుట్టగొడుగు, కుక్కగొడుగు, సంస్కృతం నుండి వచ్చిన ఛత్రాకం అన్నీ గొడుగు ఆకారాన్ని బట్టి వచ్చినవే. తెలంగాణలో వినిపించే పుట్టకొక్కు అనే మాటలో గొడుగు లేకపోయినా పుట్ట ఉన్నది. ఆ ‘పుట్ట’ ఊరికే చేరలేదు. చెదపుట్టల మీద మొలిచే రుచికరమైన పుట్టగొడుగులు టెర్మిటోమైసిస్ ప్రజాతికి చెందినవి. చెదలు పుట్ట లోపల పెంచుకునే శిలీంధ్రపు తోట నుండే అవి మొలుస్తాయి. ఈ ప్రజాతికి శాస్త్రనామం 1942లో వచ్చింది. పుట్టకు, గొడుగుకు ఉన్న సంబంధాన్ని తెలుగు మాట అంతకు ఎంతో ముందే గుర్తించింది. జానపదుని పేరుపెట్టే శక్తికి ఇది గట్టి నిదర్శనం.

శిలీంధ్రం అనే మాట ప్రయాణం ఇంకా ఆసక్తికరం. కాళిదాసు మేఘదూతంలో తొలివాన ఉరుముకు నేల మీద మొలిచేదిగా శిలీంధ్రం కనిపిస్తుంది. ఆధునిక తెలుగు శాస్త్రపరిభాష ఆ పదాన్ని తీసుకొని, రొట్టె మీది బూజు నుండి మాను మీది చూరు వరకు మొత్తం జీవరాజ్యానికి పేరుగా స్థిరపరచింది. ఇది అవసరమైన విస్తరణే. కాని విశాలమైన పదం వచ్చిన చోట దాని కింద నిర్దిష్ట పదాలు కూడా రావాలి. ‘చెట్టుకు శిలీంధ్రం వచ్చింది’ అంటే ఆకుమచ్చ కావచ్చు, బూడిద తెగులు కావచ్చు, చేవను తినే కుళ్ళు కావచ్చు. మొదటి రెండింటికీ ఆకు రాలి కొత్త ఆకు వస్తుంది. మూడవది చెట్టునే కూల్చవచ్చు. మూడింటికీ ఒకే మాట వాడితే తేడా మరుగున పడుతుంది.

‘చూరు శిలీంధ్రం’ అనే ప్రతిపాదనకు మూడు అనుకూలతలు ఉన్నాయి. మొదటిది, ‘చూరు’ దేశ్యపదం, ఆకారాన్ని కళ్ళకు కట్టిస్తుంది. రెండవది, ఇది ఒక జాతికి కాక ఈ ఆకారంలో పెరిగే వర్గమంతటికీ వర్తిస్తుంది. మూడవది, చూరు అంటే దాని వెనుక గోడ ఉన్నదని స్ఫురిస్తుంది. బయట కనిపించేది కొసమాత్రమే, అసలు దేహం లోపల ఉన్నదనే శాస్త్రసత్యాన్ని ఆ స్ఫురణ మోసుకొస్తుంది. రైతుల, తోటమాలుల, వడ్రంగుల వాడుకలో ఇంతకన్న సహజమైన మాట లభిస్తే దానికే ప్రాధాన్యం ఇవ్వాలి. మాండలిక పదసేకరణ చేసే పరిశోధకులు తమ ప్రశ్నావళిలో ఈ అంశాన్ని చేర్చడం అవసరం.

7. గుర్తింపు నుండి నిర్ణయానికి

చూరు కనిపించినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అది కొమ్మ మీద ఉన్నదా, బోదె మీద ఉన్నదా, నేలకు ఆనుకొని మొదట్లో ఉన్నదా? కొమ్మ మీదిదైతే ఆ కొమ్మను తీసివేయడంతో ప్రమాదం తొలగవచ్చు. మొదట్లోనిదైతే వేళ్ళను అనుమానించాలి. ఒకటే ఉన్నదా, బోదె చుట్టూ ఉన్నాయా? అంచు తెల్లగా పెరుగుతున్నదా? చెట్టు ఇటీవల ఒకవైపు ఒరిగిందా, మొదటి వద్ద నేల పగిలిందా? కొయ్యసుత్తితో తట్టితే గట్టి శబ్దం వస్తున్నదా, డొల్ల శబ్దం వస్తున్నదా? చెట్టు కూలితే పడే చోట బడి ఉన్నదా, బస్టాపు ఉన్నదా, ఖాళీ పొలం ఉన్నదా?

ఈ ప్రశ్నలకు జవాబులను బట్టి చేయవలసిన పని మారుతుంది. కొన్ని చెట్లకు బరువు తగ్గించడం చాలు. కొన్నింటి కింది నుండి మనుషులను పక్కకు తప్పిస్తే చాలు, అంటే బల్లను, బండిని, బస్టాపును జరపడం. కొన్నింటిని మాత్రం తొలగించక తప్పదు. ధ్వనితరంగాలతో మాను లోపలి చిత్రం తీసే పరికరాలు, సన్నని సూదిని దింపి చెక్క ప్రతిఘటనను కొలిచే పరికరాలు ఇప్పుడు ఉన్నాయి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి కోరే దరఖాస్తులోను, దానిపై తనిఖీ నివేదికలోను ‘ప్రమాదకరంగా ఉన్నది’ అనే సాధారణ వాక్యానికి బదులు చూరు ఎక్కడ ఉన్నది, కుళ్ళు ఏ రకం, గట్టి గోడ ఎంత అని తెలుగులో రాయగలిగితే, అవసరమైన చెట్టు మాత్రమే పోతుంది.

8. ముగింపు

1. సమశీతోష్ణ అడవులలో నిప్పుతో, వైద్యంతో ముడిపడి పేరు పొందిన చూరు శిలీంధ్రాలకు దక్కను ప్రాంతంలో ప్రధాన ప్రతినిధి గానోడెర్మా. ఇది తెల్లకుళ్ళు కలిగించి మాను మొదటిని, వేళ్ళను బలహీనపరుస్తుంది.

2. చేవ నిర్జీవ కణజాలం కావడం వల్ల, అది కుళ్ళుతున్నా చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. చూరు బయటపడడం ఆలస్యంగా అందే సమాచారం. అది వర్షాకాలంలో కనిపిస్తుంది, ప్రమాదం తరచుగా వేసవిలో వస్తుంది.

3. శంషాబాద్, చేవెళ్ళ ప్రాంతాలలో వేళ్ళు తెగే తవ్వకాలు, తీయకుండా వదిలిన మొదళ్ళు, ఊడల నరికివేత, చెట్ల తరలింపు ఈ శిలీంధ్రానికి మార్గం తెరిచే గాయాలు. తరలించిన చెట్ల విజయాన్ని చిగురుతో కాక దీర్ఘకాల పరిశీలనతో కొలవాలి.

4. తెలుగులో మాను క్షయపు ఫలితాన్ని చెప్పే పదాలు సూక్ష్మభేదాలతో సమృద్ధిగా ఉన్నాయి. కారణాన్ని చెప్పే పదాలు కీటకాలకే పరిమితమయ్యాయి. ఈ లోటును ‘చూరు శిలీంధ్రం’ వంటి నిర్దిష్ట పదంతో పూరించవచ్చు.

5. పరిభాషా నిర్మాణం పాఠ్యపుస్తకాల కోసమే కాదు. రోడ్డు పక్కన చెట్టు కింద కూరగాయలు అమ్ముకునే మనిషి, ఆ చెట్టు మొదట్లో పుట్టినదానిని పేరు పెట్టి పిలిచి, పంచాయతీకో పురపాలక కార్యాలయానికో ఫిర్యాదు చేయగలిగినప్పుడే ఆ పదం ప్రయోజనం నెరవేరినట్లు.